ముప్పై శాతం కాలు

మందుపాతర మీద పరశురాములుకు కోపం లేదు. అది ఎవడు తొక్కుతున్నాడో చూసి పేలదు. డాక్టర్ల మీదా లేదు, సర్కారు మీదా లేదు. ఉన్న కోపమంతా ఒక్కడి మీదే. కొండల్. స్వయానా మేనమామ కొడుకు, వరుసకు బామ్మర్ది. కరీంనగర్ కలెక్టరేట్ గేటు ముందు గొడుగు కింద టేబుల్ వేసుకుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టే కొండల్. పగవాడైతే జాగ్రత్తపడేవాడు. అయినవాడు కాబట్టి కాలు చాపి ఇచ్చాడు.

పరశురాములు మిలటరీలో తొమ్మిదేళ్లు చేశాడు. కశ్మీరులో గస్తీ తిరుగుతుంటే ఎడమ కాలి కింద మందుపాతర పేలింది. నాలుగు వేళ్లూ మడమలో ఒక ముక్కా పోయాయి. మిలటరీ డాక్టర్లు కొలిచి పదిహేను శాతం వైకల్యం అని రాశారు. వైకల్య పింఛను రావాలంటే ఇరవై ఉండాలి. ఐదు తక్కువ. కూరగాయల దగ్గర కొసరు అడిగినట్టు దాన్ని అడగడం ఆయనకు చేతకాలేదు. ఇంతలో బాపుకు బాగాలేదని కబురొస్తే నౌకరీ చాలించుకుని వచ్చేశాడు.

వచ్చేసరికి హుస్నాబాద్ అవతలి ఆ చిన్న ఊరు రిజర్వాయరు కింద ఖాళీ అవుతోంది. సర్వే వాళ్లు వచ్చిన దినం బాపు దవాఖానలో, కొడుకు కశ్మీరులో. తలుపుకు తాళం ఉన్న ఇంటికి బదులు ఇల్లు రాలేదు. బాపు పోయాడు, ఇల్లు నీళ్లలో మునిగింది. గుట్ట పక్కన మెట్ట భూమి మాత్రం మిగిలింది. దాని మీద గడ్డి తప్ప ఏదీ మొలవదని ఊరంతా నవ్వేది.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో కావలి కాశాడు. మడమ మానేది, మళ్లీ పగిలేది. పత్తి మీద చీము మరకలు పడుతున్నాయని సేటు ఒకనాడు లెక్క చూసి పంపేశాడు. అప్పటినుంచి కరీంనగర్ బస్టాండే ఇల్లు. మెట్‌పల్లి బస్సులు ఆగేచోట, చివరి స్తంభం కింద, నల్లటి మిలటరీ ఇనప పెట్టె. పెట్టె మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. పక్కనే లస్మవ్వ చాయ్ పొయ్యి.

ఆ పెట్టె మీది నంబరు చూసే మమతారాణి ఆగింది. ఆమె మాజీ సైనికుల ఆఫీసులో గుమస్తా. మొగుడూ మిలటరీవాడే, ఇప్పుడు లేడు.

"అన్నా, గీ నంబరు నీదేనా? సిపాయివి గిట్ల బస్టాండుల పండుడేంది?"

"ఏడ పండితేంది మేడం. ఈడ శత్రువులైతే లేరు. దోమలే."

ఆమె నవ్వలేదు. కాగితాలన్నీ పెట్టె మీద పరిచి గంటసేపు చదివింది. అప్పుడు పదిహేను రాశారు కానీ ఇన్నేళ్లలో ఎముక అరిగి ఉంటుంది, మళ్లీ కొలవమని అప్పీలు చేద్దాం, మిలటరీ డాక్టర్ల బోర్డు పిలుస్తుంది అంది. రెండే రెండు మాటలు గట్టిగా చెప్పింది.

"దినాం సర్కారు దవాఖానకు పోయి కట్టు కట్టించుకో. ఆళ్లిచ్చిన చిట్టీలు ఒక్కటి కూడ పోగొట్టకు. గాయం అప్పటిదే అని చెప్పేటివి గవే. ఇగ రెండోది, బోర్డు ఉత్తరం రావాలంటే నీకో ఇంటి నంబరు కావాలె."

మొదటిది సులువు. రోజూ కుంటుకుంటూ వెళ్లి కట్టు మార్పించుకున్నాడు. చిట్టీలు పెట్టెలో, పతకం కింద దాచాడు. ఇంటి నంబరు కోసమే కొండల్ దగ్గరికి వెళ్లాడు.

కొండల్ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. సదరం క్యాంపులో డాక్టర్లు వికలాంగులకు శాతం కొలిచి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ క్యాంపుకు ఎలా పోవాలో, ఎలా నడవాలో, ఏం అడిగితే ఎంతసేపటికి జవాబు చెప్పాలో నేర్పడంలో కొండల్‌ను మించినవాడు లేడు. తన మీదే పరీక్షించుకున్న విద్య అది. చెవుడు సర్టిఫికెట్ తెచ్చుకుని నెలనెలా పింఛను తీసుకుంటాడు. డాక్టరు వెనకనుంచి స్టీలు తాంబాళం పడేసినా కన్ను ఆర్పలేదని తనే గొప్పగా చెప్పుకుంటాడు. గుసగుసలాడితే మాత్రం వీధి అవతలినుంచి వినబడుతుంది.

"నా ఇంటి నంబరే రాసుకో బావా, నీకు కాకపోతే ఎవలికి?" అని అప్పీలు కాగితం అందుకున్నాడు. చదివాడు. పరశురాములు కాలివైపు చూశాడు. తెల్లగా, శుభ్రంగా ఉంది కట్టు.

"గీ కట్టు ఎవడు కట్టుమన్నడే నిన్ను?"

"మేడం."

"మేడంకేం ఎర్క? కుర్సీల కూసుండి చెప్తది. నేను మూడొందల మందిని సదరం దాటిచ్చిన. సక్కగ కట్టు కట్టుకొని పోతే డాక్టరు ఏమంటడు? మానుతున్నది అంటడు. మానేదానికి పింఛనిస్తరా?"

"మరేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. గదే చెయ్యాలె." కొండల్ గొంతు తగ్గించాడు. "పుండును పండనియ్యి. బోర్డు నాటికి చూసినోడు ముక్కు మూసుకోవాలె. ఆ చిట్టీలు ముందుగాల కాల్చెయ్యి. వైద్యం నడుస్తుందంటే శాతం కోస్తరు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఇల్లూ వాకిలీ లేనివాడినని రాసుకుని పేరు మీద భూమి పెట్టుకుంటే బోర్డు నమ్మదన్నాడు. ఊళ్లో పింఛన్లు ఆగిపోయేది అక్కడేగా అన్నాడు. అది నిజమే. ఊరి పింఛన్లకు భూమి చూస్తారు. మిలటరీ పింఛనుకు భూమితో పనే లేదన్న సంగతి ఆ ఇద్దరిలో ఒకడికి తెలియదు. రెండోవాడికి తెలుసో లేదో దేవుడికెరుక.

"మా బాలలక్ష్మి పేరు మీద ఉండనియ్యి. పింఛను వచ్చిన తెల్లారే మళ్ల నీ పేరు మీద ఎక్కిస్త. గా గడ్డి బీడు మాకెందుకు బావా, మేక గూడ మొకం జూడదు."

తహసీలు ఆఫీసులో పరశురాములు వేలిముద్ర పెట్టాడు. కొండల్ భార్య బాలలక్ష్మి ఆయనకు మజ్జిగ తాగించింది. ఆ పూట చల్లగానే ఉంది.

చిట్టీలు లస్మవ్వ పొయ్యిలోనే కాలాయి. ఇరవై ఆరు.

"దవాఖాన కాయితాలు పొయ్యిల వెట్టుడేంది కొడుకా? పిచ్చి లేసిందా?"

"ఆర్డర్ అవ్వా."

"ఎవని ఆర్డరు? గా గొడుగు కిందోనిదా?"

సిపాయికి అలవాటు అది. ఆర్డర్ ఇచ్చినవాడి మొహం చూడడు. కట్టు విప్పి పారేశాడు. వారానికి ఈగలు ముసిరాయి. రెండు వారాలకు ప్రయాణికులు పక్క బెంచీకి జరిగారు. మెట్‌పల్లి డ్రైవర్లు బస్సును దూరంగా ఆపసాగారు. మడమ మొదట ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. నొప్పి పోయిన దినం పరశురాములు సంతోషించాడు. కొండల్ రెండు రోజులకోసారి వచ్చి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని చూసి, పంట చూసుకునే రైతులాగా తలాడించేవాడు.

"అయితుంది బావా. ఇంక జర ఆగు."

"జరమొస్తుంది కొండల్. ఒళ్లు కాలుతుంది."

"రానియ్యి. జరం గూడ శాతమే."

ముప్పై మూడో దినం పరశురాములు లేవలేదు. లస్మవ్వే అరిచి ఆటో పిలిచింది. సర్కారు దవాఖానలో మోకాలి కింద కోసేశారు. ఆలస్యమైతే మనిషే పోయేవాడన్నారు. మెలకువ వచ్చేసరికి మంచం పక్కన కొండల్ ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"శాతం లేసింది బావా! పదిహేనెక్కడ, గిప్పుడు గిదెక్కడ! బోర్డోడు కుర్సీలకెల్లి లేచి సంతకం పెడ్తడు."

కోసిన కాలు గుడ్డలో చుట్టి ఇచ్చి, మీవాళ్లే పూడ్చుకోవాలన్నాడు దవాఖాన మనిషి. పరశురాములు చాలాసేపు ఆలోచించాడు. బతికుండగానే పూడ్చుకోవడానికి తనకూ ఒక చోటు ఉందని గుర్తొచ్చింది.

"మా భూమిల వెట్టు కొండల్."

"పెడ్త బావా. గంతకన్నానా." యూరియా సంచిలో వేసుకుని, ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లాడు.

బోర్డుకు మమతారాణి తోడు వెళ్లింది. లేని కాలు చూసి దారంతా ఒకే మాట అడిగింది: చిట్టీలేవి అన్నా? ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

బోర్డులో పెద్ద డాక్టరు నెరిసిన మీసాల కర్నలు. పాత ఫైలు చదివాడు. నాలుగు నెలల కింద కట్టు కట్టేటప్పుడు తీసిన ఎముక ఫోటోను మమతారాణి ఎలాగో దవాఖాన నుంచి సంపాదించింది. దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. హిందీలో అడిగాడు.

"ఈ కాలు ఎక్కడ పోయింది, జవాన్?"

"కరీంనగర్‌లో, సాబ్."

"మందుపాతరతో కాదుగా?"

"కాదు సాబ్."

"చీము పట్టినన్నాళ్లూ వైద్యం చేయించుకున్నట్టు ఏదైనా కాగితం?"

"లేదు సాబ్."

కర్నలు ఫోటోను బల్ల మీద పెట్టాడు. మాట మెత్తగానే వచ్చింది. అదే ఎక్కువ కోసింది.

"మడమ ఎముక బాగా అరిగింది. ఈ కాలు పెట్టుకుని వచ్చుంటే ముప్పై శాతం రాసేవాణ్ణి. ఇప్పుడు కాలు పోయింది నిర్లక్ష్యంతో, నౌకరీతో కాదు. లేని మడమను నేను దేంతో కొలవాలి?"

పాత పదిహేనే ఉంచారు. ఐదు తక్కువ.

పరశురాములు చంకలో కర్ర పెట్టుకుని కలెక్టరేట్ గేటు దగ్గరికి వెళ్లాడు. గొడుగు కింద నలుగురు కూచున్నారు, ఐదోవాడికి కొండల్ దరఖాస్తు రాస్తూనే కుంటడం నేర్పిస్తున్నాడు. గుట్ట పక్కకు కాలువ వచ్చిందని, బాలలక్ష్మి పత్తి వేసిందని పరశురాములుకు లస్మవ్వ అప్పటికే చెప్పింది. దున్నేటప్పుడు నాగలికి ఏం తగిలిందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

"కొండల్, పింఛను రాలే. నా భూమి నాకియ్యి."

కొండల్ కాగితం మీదనుంచి తల ఎత్తలేదు.

"నిన్నే. నా భూమి."

పక్కన కూచున్నవాడు కొండల్ భుజం తట్టాడు. కొండల్ అప్పుడు చూశాడు. చూపుడు వేలు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించాడు.

"ఇనవడ్తలేదు బావా. చెవుడు. సర్కారే రాసిచ్చింది, సర్టిఫికెట్ ఉంది."

గొడుగు కింద ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు పగలబడి నవ్వాడు. పరశురాములు గొడుగు చుట్టూ తిరిగి కొండల్ వీపు వెనక్కి వచ్చాడు. చంకలో కర్ర తీసి ఇనప బల్ల మీద బలమంతా పెట్టి కొట్టాడు. చాయ్ గ్లాసులు ఎగిరిపడ్డాయి. గేటు దగ్గర పోలీసు తిరిగి చూశాడు. కర్ర లేని మనిషి కూడా దాంతోపాటే కింద పడ్డాడు.

కొండల్ కన్ను ఆర్పలేదు. రాస్తున్న వాక్యం పూర్తి చేసి చుక్క పెట్టాడు.

పరశురాములుకు పోయినవి రెండే. కాలు మోకాలి కిందినుంచి. భూమి ఎకరం పద్నాలుగు గుంటలు.