రెండు గిన్నెల బట్టీ

ఎనిమిది కావడానికి ఐదు నిమిషాలుండగా వాల్టర్ హిండిల్ బట్టీ ఇనప తలుపు తీసి, చొక్కా మోచేతి పైకి మడిచి, వట్టి చేతిని లోపలికి చాపాడు. ఒకటి నుంచి మెల్లగా లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర చెయ్యి లాగేశాడు. రొట్టెల వేడి దిగింది, గిన్నెల వేడి మిగిలింది. వేడి కొలిచే యంత్రం ఒకటి గోడకు ఉంది. మూడేళ్ల కిందట చిన్న యజమాని డెరెక్ రష్టన్ పెట్టించాడు. దాని మేకు గట్టిది కాబట్టి వాల్టర్ తన టోపీ దానికే తగిలిస్తాడు.

"ఇవాళ్టితో సరి వాల్టర్," అన్నాడు డెరెక్, రొట్టెల బుట్టలు వ్యానులోకి ఎక్కిస్తూ. "సోమవారం కరెంటు బట్టీ వాళ్లు వస్తున్నారు. రెండు గిన్నెల కోసం ఇంకా బొగ్గు బట్టీ నడిపే వెర్రిబాగులవాణ్ణి లాంకషైర్ మొత్తానికి నేనొక్కణ్ణే."

"మూడు గిన్నెలు."

"నీది లెక్కలోకి రాదు."

"లెక్కలోకి రాకపోయినా ఉడకాలిగా."

డెరెక్ నవ్వి వ్యానెక్కాడు. అతని తాత కాలంలో ఆ బట్టీలో రోజుకి నూట నలభై గిన్నెలు ఉడికేవి. బ్రాక్‌షాలో నాలుగు నూలు మిల్లులు నడిచిన రోజులవి. ఆడవాళ్లు తెల్లారకముందే మగ్గాల మీదికి పోతూ గిన్నె ఇక్కడ దించి పోయేవాళ్లు. అడుగున గొర్రె మెడ మాంసం, ఉల్లిపాయ, పైన బిళ్లలుగా తరిగిన బంగాళాదుంపల కప్పు. దాన్ని హాట్‌పాట్ అంటారు. నాలుగు గంటల పాటు సన్నటి వేడి తగలాలి, అందుకు రొట్టెలు దించిన బట్టీని మించింది లేదు. గిన్నె చెవికి ఒక ఇత్తడి బిళ్ల, అదే అంకె ఉన్న రెండో బిళ్ల ఇల్లాలి పైజేబులో. మధ్యాహ్నం మిల్లు కూత వేయగానే నూట నలభై మంది ఒక్కసారిగా మీద పడేవారు. వాల్టర్ పొడుగు తెడ్డుతో లోపలి గిన్నెలు లాగుతూ, బిళ్ల చూసి బిళ్లకి ఇస్తూ, ఇరవై నిమిషాల్లో బట్టీ ఖాళీ చేసేవాడు.

పద్నాలుగో ఏట ఆ తెడ్డు పట్టాడు. ఇప్పుడు అరవై ఆరు. ఈ యాభై రెండేళ్లలో అతను మనుషుల ముఖాల కంటే గిన్నెలనే ఎక్కువగా చూశాడు, వాటి నుంచే ఎక్కువ తెలుసుకున్నాడు కూడా. ఎవరింట్లో పని సగానికి తగ్గిందో దుంపల మందం చెప్పేది. ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో మాంసం చెప్పేది. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని వారం ఉప్పు చెప్పేది. వాల్టర్ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఊళ్లో అతని పరపతి అంతా ఈ రెండింటి మీదే నిలిచింది: నోరు విప్పడు, గిన్నె మార్చడు.

తరవాత మిల్లులో భోజనశాల వచ్చింది, ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చింది, మూడు మిల్లులు మూతపడ్డాయి. నూట నలభై కాస్తా రెండయ్యాయి. ఆ రెండూ ఆల్బియన్ వీధిలో ఎదురెదురు ఇళ్లవి. ఆ రెండిళ్లలోనూ గ్యాసు పొయ్యిలున్నాయి. మిసెస్ గ్రిమ్‌షా తన పొయ్యి మీద పూలకుండీ పెట్టుకుంది, మిసెస్ హోల్డెన్ టోపీల పెట్టె పెట్టుకుంది. గిన్నె పంపడం ముందు ఎవరు మానేస్తే వాళ్లు ఓడినట్టు. అంచేత ఇద్దరూ మానలేదు.

ఎనిమిదింటికి మిసెస్ గ్రిమ్‌షా వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, గుమ్మానికి సరిపడా వెడల్పు. మొగుడు పోయేదాకా వీధి మొగలో పబ్బు నడిపిన గొంతు.

"మధ్యలో పెట్టు వాల్టర్. ఆవిడగారిది తలుపు దగ్గర తగలెయ్. ఎక్కడ పెట్టినా దానికి రుచి రాదు."

"రెండూ మధ్యలోనే పెడతానమ్మా."

"నీకు న్యాయం ఎక్కువైపోయింది. అందుకే అలా ఎండిపోయావు."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అవతల నిలబడి చూసి, మిసెస్ హోల్డెన్ వచ్చింది. బట్టీ తెడ్డులా సన్నగా, నిటారుగా ఉంటుంది. ప్రార్థనాలయంలో మద్యపాన వ్యతిరేక స్త్రీ సమాజానికి అధ్యక్షురాలు, రొమ్ము మీద ఆ సమాజం తెల్ల రిబ్బను లేకుండా గడప దాటదు. గిన్నె అంచు కిందినుంచి చుక్క కారితే గబుక్కున చేతిరుమాలుతో తుడిచేసింది.

"బట్టీ మూసేస్తున్నారటగా. ఆవిడేమంది?"

"మీరేమన్నారని అడిగారు."

"నాకేం బెంగ లేదని చెప్పు. కానీ ముందు ఆవిడే మానేసిందని ఊళ్లో తెలియాలి."

"ఇద్దరికీ ఒకేసారి మూస్తున్నారండి."

"అదే నాకు నచ్చలేదు," అని వెళ్లిపోయింది.

పదింటికి టాటర్‌సాల్ టీచరమ్మ వచ్చింది. నలభై ఏళ్లు బడి నడిపి, ఇప్పుడు ఊరి చరిత్ర రాస్తోంది. చేతిలో అచ్చు కాగితాలు.

"చదువుతాను వినండి హిండిల్ గారూ. 'రష్టన్ బేకరీలో బట్టీ పని చేసిన వాల్టర్ హిండిల్ యాభై రెండేళ్లలో ఒక్క గిన్నె కూడా ఒకరిది ఇంకొకరికి ఇవ్వలేదు.' ఎలా ఉంది?"

వాల్టర్ చేతులకు లేని పిండి దులుపుకున్నాడు. "అంత గట్టిగా రాయాలాండీ?"

"రాయకపోతే ఏం చెయ్యను? మన ఊళ్లో కోట లేదు, యుద్ధం జరగలేదు. ఒక రాజుగారు ఈ దారిన రాబోయి వాన చూసి వెనక్కి పోయారట, దానికి మూడు పేజీలు ఇచ్చేశాను. నూట ఇరవై పేజీల పుస్తకం దేంతో నింపను? మీరే మా కోట." ఆవిడ కాగితాలు బల్ల మీద పెట్టి పెన్సిలు పక్కన ఉంచింది. "అబద్ధం ఉంటే కొట్టేయండి. నా పుస్తకంలో అబద్ధం ఉండకూడదు. రెండింటికి వస్తాను, మూడింటి బస్సుకి అచ్చాఫీసుకి పోవాలి."

వాల్టర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. తన వాక్యం తరవాతి పేజీలో హాట్‌పాట్ వంటకాలు రెండున్నాయి. మిసెస్ హోల్డెన్ తన తల్లి పద్ధతి ఇచ్చింది: దుంపల కింద పుల్లటి ఆపిల్ ముక్కలు, చెంచాడు ఆవపిండి, 'చుక్క మత్తు తగలని శుభ్రమైన వంట.' మిసెస్ గ్రిమ్‌షా తన తల్లి పద్ధతి ఇచ్చింది: మాంసం మీద గ్లాసుడు నల్ల బీరు, 'పళ్లూ ఫలాలూ కలిపితే అది కూర కాదు.' వాల్టర్‌కి ఎంత నవ్వొచ్చిందంటే, కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఈ ఇరవై ఏడేళ్లుగా బీరు వాసన వచ్చేది మిసెస్ హోల్డెన్ గిన్నెలోంచి. ఆపిల్ వాసన వచ్చేది మిసెస్ గ్రిమ్‌షా గిన్నెలోంచి.

ఆ సంగతి భూమ్మీద అతనొక్కడికే తెలుసు. ఎందుకంటే దానికి కారణం అతనే.

అది 1931లో ఊరి సెలవుల వారం మొదలైన శనివారం. మిల్లులన్నీ ఒక్కసారిగా ఆగాయి. మధ్యాహ్నం రైలుకి ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ సముద్రానికి పోవాలి, అందరికీ తొందరే. వాల్టర్ గిన్నెల అంచులు తుడవడానికి బిళ్లలు తీసి, తుడిచి, మళ్లీ తగిలిస్తూ తలుపులోంచి బయటికి చూశాడు. పొగ లేదు. ఏడాదికోసారి కనబడే ఎదుటి కొండ కనబడింది. దాని మీద గొర్రెలున్నాయి. లెక్కపెట్టాడు, ఏడు. అవి ఏడేనో, ఏడోదాని వెనక ఎనిమిదోది ఉందో తేల్చుకునే లోపల చేతులు రెండు గిన్నెలకూ రెండు బిళ్లలు తారుమారుగా తగిలించేశాయి. రెండు గిన్నెలూ ఒకే కుండలవాడి దగ్గర, ఒకే సంతలో, ఒకరిని చూసి ఒకరు కొన్నవి.

రైలు టైముకి ముందే ఆ రెండు గిన్నెలూ శుభ్రంగా కడిగి, గుడ్డ చుట్టి, బేకరీ గడప మీద కనబడ్డాయి. ఒక్క మాట లేదు. బ్లాక్‌పూల్‌లో ఆ రెండు కుటుంబాలూ ఒకే బసలో, పక్క పక్క బల్లల దగ్గర వారం రోజులు తిన్నాయి. అప్పుడూ మాట లేదు. ఎవరైనా వచ్చి తిడతారని వాల్టర్ నెల్లాళ్లు ఎదురుచూశాడు. తిట్టాలంటే, ఎదుటింటి గిన్నె తిన్నామని ఒప్పుకోవాలి. తిన్నాక మొగుడు 'ఇవాళ అమోఘంగా ఉందే' అన్నాడని కూడా ఒప్పుకోవాలి. నెల తిరిగేసరికి వాసనలు మారాయి. మిసెస్ హోల్డెన్ పియానోకి మెరుగు పెట్టాలంటూ పక్కూరికి బస్సులో వెళ్లి దగ్గుమందు సీసాలో బీరు తెచ్చుకోవడం మొదలెట్టింది. ఇరవై ఏడేళ్లలో ఆ పియానో తాగినంత, పబ్బులో కూచున్న ఏ మగాడూ తాగి ఉండడు. ప్రార్థనాలయం గడప తొక్కని మిసెస్ గ్రిమ్‌షాకి ఏటా కోతల పండక్కి భక్తి పుట్టుకొచ్చేది. ఆపిల్ చెట్టు ఉన్నది ఆ ఆవరణలోనే. కోటు జేబులు బరువుగా వేలాడుతుండగా తిరిగొచ్చేది.

వాల్టర్ పెన్సిలు తీసుకుని త్రాసు ముందు నిలబడ్డాడు. తూకం వెయ్యాల్సిన విషయాలు అతను అక్కడే ఆలోచిస్తాడు. వాక్యం కొట్టేస్తే టీచరమ్మ ఎందుకని అడుగుతుంది. ఆవిడ కనుబొమ ఎత్తితే నిజం చెప్పకుండా తప్పించుకున్నవాడు ఈ ఊళ్లో లేడు. అప్పుడు పియానో సంగతి బయటికొస్తుంది, తెల్ల రిబ్బను ఊడుతుంది, రెండో ఆవిడ జేబులూ బయటపడతాయి. కొట్టెయ్యకపోతే పుస్తకంలో అబద్ధం నిలబడిపోతుంది, అదీ తన పేరు మీద. తన పేరు మీద ఈ ఒక్క వాక్యమే ఉంది. పిల్లల్లేరు. తొమ్మిదేళ్ల కిందట పోయిన నెల్లీ అనేది: "నీకు అందం లేదు, ఆస్తి లేదు, మాట్లాడ్డం రాదు. కానీ నీ చేతిలో పని తప్పుపోదు. అది చూసే చేసుకున్నాను." ఆ శనివారం సంగతి నెల్లీకి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నవ్వేదే. నవ్వాక ఏమనేదో తెలియకే చెప్పలేదు.

పన్నెండింటికి మిగిలిన ఒక్క మిల్లు కూత వేసింది. వాల్టర్ తెడ్డుతో రెండు గిన్నెలూ లాగి బండ మీద పెట్టాడు. తన చిన్న గిన్నెని లోపలే ఉంచాడు, దాన్ని ఎప్పుడూ చివరనే తీస్తాడు. బిళ్లలు తీశాడు, అంచులు తుడిచాడు. తలుపులోంచి కొండ కనబడుతోంది. మిల్లులు పోయాక రోజూ కనబడుతూనే ఉంది. గొర్రెలూ ఉన్నాయి. ఈసారి అతను అటు చూడలేదు. తన చేతుల వైపే చూసుకుంటూ, ఈ గిన్నె బిళ్ల ఆ గిన్నెకీ, ఆ గిన్నె బిళ్ల ఈ గిన్నెకీ నిదానంగా తగిలించాడు.

"బాగా ఎర్రబడిందా?" అని అడిగింది మిసెస్ గ్రిమ్‌షా.

"ఎన్నాళ్లకో కుదిరిందమ్మా," అన్నాడు.

తరవాత మిసెస్ హోల్డెన్ వచ్చింది. ఆవిడ బిళ్లకి బిళ్ల సరిపోల్చి చూసుకుని మరీ తీసుకెళ్లింది.

ఒక తప్పు అటు, ఒక తప్పు ఇటు. ముల్లు మధ్యకొచ్చింది. ఎవరి గిన్నె వాళ్ల పేరుతో అచ్చయిన వంటకానికి సరిపోయింది. ఎవరింటి రుచి వాళ్లింటికి చేరింది. పుస్తకంలో ఉన్నదంతా ఈ ఒక్క మధ్యాహ్నానికి నిజమే. వాల్టర్ కాగితం మీద 'సరే' అని రాసి, దాని మీద తూకపు రాయి పెట్టి, బట్టీ గోడకి వీపు ఆనించి కుర్చీలో కూచున్నాడు. ఇటుకల వేడి చొక్కాలోంచి మెల్లగా వీపుకి దిగింది. ఇదీ గిన్నెల వేడే. అలవాటుగా కళ్లు మూసుకుని లెక్కపెట్టడం మొదలెట్టాడు. తొమ్మిది దాకా వచ్చాడు.

ఒకటిన్నరకి మిసెస్ గ్రిమ్‌షా కడిగిన గిన్నె చంకన పెట్టుకుని వీధి ఆ కొసన, మిసెస్ హోల్డెన్ ఈ కొసన కనబడ్డారు. ఇద్దరూ ఒకేసారి గుమ్మం దగ్గరికొచ్చి ఇరుక్కున్నారు.

"ఏమయ్యా వాల్టర్, చివరి రోజున చేతులు వణికాయా?" అంది మిసెస్ గ్రిమ్‌షా. "మొదటి ముద్ద నోట్లో పెట్టగానే మా అమ్మ గుర్తొచ్చింది. సిగ్గుంటే మాట్లాడు!"

"నాకొచ్చిన గిన్నెలో ఆపిల్ ఉంది," అంది మిసెస్ హోల్డెన్, ఆవిడ వైపు చూడకుండా. "ఆవిడ గిన్నెలో మా అమ్మ ఆపిల్ ఎలా వచ్చిందో నాకు తెలియాలి."

"నీ గిన్నెలో బీరు ఎలా వచ్చిందో అది ముందు చెప్పు!"

"అది పియానోకి తెచ్చింది."

"పియానోని ఉడికించావా తల్లీ?"

ఇద్దరూ ఐదు నిమిషాలు కలిసికట్టుగా వాల్టర్‌ని తిట్టారు. అతను మామూలుగానే ఏమీ అనలేదు. మిసెస్ హోల్డెన్ చివరికి దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. గోడ వెచ్చదనానికి మనిషి వెచ్చగానే ఉన్నాడు. అందుకే ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మిసెస్ గ్రిమ్‌షా యంత్రం మీది టోపీ తీసి, ఏం చెయ్యాలో తోచక, అతని ఒళ్లో పెట్టింది.

రెండింటికి టీచరమ్మ వచ్చింది. చూసింది. తరవాత తూకపు రాయి కింది కాగితం తీసుకుంది. ఆవిడ కళ్లు ఇద్దరి చంకల్లోని గిన్నెల మీద ఆగాయి. కనుబొమ ఎత్తింది.

"'సరే' అని రాశారు. నిజమేనా? ఒక్కసారి కూడా మారలేదా?"

"ఒక్కసారి కూడా లేదు," అంది మిసెస్ గ్రిమ్‌షా.

"దేవుడి సాక్షిగా," అంది మిసెస్ హోల్డెన్, తెల్ల రిబ్బను సవరించుకుంటూ. టీచరమ్మ డాక్టరుకి కబురు పెట్టడానికి బయటికి వెళ్లగానే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా గిన్నెలు మార్చుకున్నారు.

అప్పుడు వాసన తగిలింది. ఇద్దరూ ఒకేసారి ముక్కులు ఎగబీల్చారు. మొదట ఆపిల్, దాని వెనకే బీరు. మిసెస్ గ్రిమ్‌షా ఇనప తలుపు తీసింది. లోపల, వెనక మూలన, చిన్న మట్టి గిన్నె ఒకటి చెవికి బిళ్ల లేకుండా, దుంపల అంచులు సరిగ్గా ఎర్రబడి, ఇంకా సన్నగా ఉడుకుతోంది.