టకటకల టాకీసు బండి

రీళ్ళు మోసే నాకు కీళ్ళు అరిగాయి. నన్ను మోసే బండికి బేరింగు అరిగింది. ఒకటే సినిమా, రెండు టూరింగ్ టాకీసులు. మంచిర్యాలలో ఆడేసిన రీళ్ళను పాత మిలిటరీ మోటారుసైకిలు మీద మందమర్రి డేరాకు చేర్చడం నా పని. తెర మీద ‘విశ్రాంతి’ పడితే నాకు అశాంతి మొదలు.

ఆ మధ్యాహ్నం మెకానిక్ అంబదాస్ ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"బేరింగు పోయింది, కొండల్ భావు. రోడ్డు మీద పట్టేసిందనుకో, చక్రం ఆగుతది. నువ్వు ఆగవు. ఇయ్యాలే ఇంజను ఇప్పుదాం. సామాను హైదరాబాద్ నుంచి రావాలె, వారం పడ్తది."

టాకీసు యజమాని రామచంద్రం మొహం మాడ్చుకున్నాడు. "వారం డేరా మూయాల్నా? గనిల జీతాలు పడ్డయి. ఆదివారం దాంక నడిపియ్యి."

"మొన్న టక్కంటుండె సేటూ. ఇయ్యాల టకటకంటుంది."

"టాకీసు బండి గదా, మాట్లాడనియ్యి."

నవ్వాను.

ఇంటికెళ్తే మా ఆవిడ దుర్గవ్వ సద్దిమూట చేతికిచ్చి వదలలేదు. ఆమె గనికార్మికుడి బిడ్డ.

"గనిల పైకప్పు చిటపటమంటే మా బాపు తట్ట ఆడ్నే పడేసి బయటికొస్తుండె. పోవాల్నా వద్దా అని పని చూసే సర్దారును అడుగుతుండెనా?"

"ఇది గని గాదు."

"సప్పుడు సప్పుడే."

ఆ రాత్రి సగం రీళ్ళు క్షేమంగా చేర్చాను. మిగతా సగంతో వస్తుంటే క్యాతనపల్లి దాటాక టకటక ఆగి, గరగరమంది. ఇంకో నాలుగు మైళ్ళు. అక్కడ డేరా నిండా జనం. ఇక్కడ వీపు మీద రీళ్ళ ఇనప పెట్టె, కాళ్ళ మధ్య ఆ గరగర. దుర్గవ్వ మాట చెవిలో మోగింది. ఇంజను ఆపి దిగాను. పెట్టెను సీటుకు కట్టి బండిని నెట్టుకుంటూ నడిచాను.

చేరేసరికి కుర్చీలు తలకిందులయ్యాయి. రామచంద్రం గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"ఏడ సచ్చినవ్? నడిమిట్ల దిగుమని ఎవ్వడు చెప్పిండు?"

"ఇంజన్ల సప్పుడు మారింది సేటూ. దిగిన."

ఈలలు వేస్తున్న ముందు వరస ఆగింది. నుదుటి మీద గనిదీపం పట్టీ ఒత్తిన మచ్చ ఉన్న రాయమల్లు అనే ముసలి కార్మికుడు లేచాడు.

"సప్పుడైనంక ఉంటడా ఎవడన్న?" అన్నాడు పక్కవాళ్ళతో. తర్వాత సేటు వైపు తిరిగాడు. "రేపు నువ్వెక్కి తెస్తవా?"

రామచంద్రం తన పొట్ట వంకా బండి వంకా చూశాడు. "పొద్దుగాల ఇప్పియ్యి," అన్నాడు.

ఇప్పుడు బండి అంబదాస్ గోనెపట్టా మీద ముక్కలుగా ఉంది. సామాను ఇంకా రాలేదు. నాకేమో దుర్గవ్వ ఉల్లిగడ్డ తరిగినా, ఆ టకటకకు మంచం మీంచి కాళ్ళు కిందికి దిగుతున్నాయి.