అడిగిన నీళ్ళు

మసిగిన్నెలో గుప్పెడు ఇసుక వేసి అరచేత్తో రుద్దుతోంది అసెకోన్. మెడ నిండా పేరుకున్న పూసల దండలు చెయ్యి ఆడినంతసేపూ గలగలమంటున్నాయి. చెయ్యి ఆగితే అవీ ఆగుతున్నాయి. రేకుల ఇంటి నీడ అప్పుడే గోడవైపు ముడుచుకుంటోంది.

కకుమా శరణార్థుల శిబిరంలో, ముళ్ళకంచె లోపలి ఆ ఇల్లు షుక్రిది. సోమాలియాలో యుద్ధం తరిమితే వచ్చిన ముసలామె, వెనకా ముందూ ఎవరూ లేరు. అసెకోన్ ఈ నేల మనిషే, తుర్కానా తెగ. ఆమె తాతల మేకలు మేసిన చోటనే ఈ శిబిరం లేచింది. ఇప్పుడామె రోజూ బొగ్గుమూట నెత్తిన పెట్టుకుని వస్తుంది. బొగ్గు అమ్మి, షుక్రి అంట్లు తోమి, బట్టలు ఉతికి వెళుతుంది.

"అమ్మా, చక్కెర పెట్టు," అంది తలెత్తకుండానే.

"నిన్ననే కదే పెట్టాను!" లోపల మంచం మీదనుంచి బొంగురుగా అంది షుక్రి. "నీ నోటికి 'పెట్టు' తప్ప ఇంకో మాట రాదా పిల్లా? రేపు ఇంటి రేకులు కూడా పెట్టమంటావు."

"రేకులెందుకు, వేడి. నువ్వు పోయాక ఆ మంచం ఇయ్యి చాలు."

"నేను పోయేలోగా నువ్వే అరిగిపోతావులే, తోమి తోమి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు చివర షుక్రి దగ్గు చాలాసేపు ఆగలేదు.

అసెకోన్ వాళ్ళలో అడగడం సిగ్గు కాదు. అడిగితేనే మనిషి మనవాడైనట్టు. ఏదీ అడగనివాడు గడపలో కూర్చున్నా అడవిలో ఉన్నట్టే. ఇన్నేళ్ళలో షుక్రి తనను ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. బొగ్గుకు డబ్బు, పనికి పిండి, అక్కడితో చెల్లు. ఆ చెల్లే అసెకోన్‌కు పంటికింద రాయి. నిద్రపట్టనప్పుడు ఊహించుకునేది: ఈమె అడిగితే ఏమిస్తాను? మేకపాలా? ఏటి ఒడ్డున ఏరిన తాటిపళ్ళా? తన దగ్గరా ఇవ్వదగినదేదో ఉందని ఈ ఒక్క మనిషికైనా తెలియాలి.

ఇవాళ పొద్దున ఊళ్ళో గుడిసె ముందు తోడికోడలు నకిరు దెప్పింది. "పరాయివాళ్ళ మసి గోళ్ళలో ఉంది, ఆ చేత్తో మా పాలు ముట్టుకోకక్కా. వాళ్ళకు కుళాయిలు, మనకు ఇసుక. చెట్లన్నీ వాళ్ళ పొయ్యిల్లోకే పోయాయి."

"మోసుకెళ్ళి అమ్మింది మనమేగా."

"మోయించుకుంది వాళ్ళేగా!"

అసెకోన్ బొగ్గుమూట నెత్తికెత్తుకుంది. ఊళ్ళో ఉన్నంతసేపూ నకిరు మాట నిజమనిపిస్తుంది. కంచె దాటి షుక్రి గొంతు వినగానే అది నిజం కాకుండా పోతుంది. రెండింట్లో తనది ఏ మనసో ఆమెకు తెలియదు.

షుక్రి గోడ పట్టుకుని గడప దాకా వచ్చి కూలబడింది. చీలమండలు ఉబ్బి ఉన్నాయి, పెదవులు పగిలాయి.

"పిల్లా, ఒకటి అడగనా?"

పూసలు ఆగిపోయాయి.

"మీ ఏటి నీళ్ళు కాసిని తెచ్చిపెట్టు. కుళాయి నీళ్ళు ఒట్టి ఉప్పు. ఇవాళ పంపు చెడి అవీ లేవనుకో. మా జుబ్బా నది ఒడ్డున కూడా ఎండాకాలం ఇట్లాగే ఇసుక తవ్వి తాగేవాళ్ళం. రాత్రంతా ఆ రుచే నోట్లో మెదులుతోంది."

"లేవు," అంది అసెకోన్. "మాకే చాలడం లేదు."

అబద్ధం. ఎండిన ఏట్లో తాము తవ్వుకున్న గుంట అడుగున నీళ్ళు చల్లగా ఊరుతూనే ఉన్నాయి.

"సరేలే," అని షుక్రి చక్కెర పొట్లం ఆమె ఒళ్ళో పెట్టింది. "అడిగితే చులకనైపోతామని మా అమ్మ అనేది. నిన్ను ఇదొక్కటి అడగడానికి ఇన్నేళ్ళు పట్టింది, చూడు."

దారిపొడుగునా అసెకోన్ కారణాలు వెతుక్కుంది. నరికిన చెట్లు గుర్తొచ్చాయి. ఒకప్పుడు కుళాయి వరుసలోంచి "నీకు శిబిరం కార్డుందా?" అని తనను తోసేసిన చేతులు గుర్తొచ్చాయి. కానీ అవన్నీ ఇప్పుడొచ్చి నిలబడుతున్నాయి. లేవన్న మాట వాటికంటే ముందే వచ్చేసింది. వచ్చినప్పుడు నాలుక మీద తియ్యగా ఉంది. ఇన్నాళ్ళూ తాను ఇవ్వడం కోసం ఎదురు చూశాననుకుంది. కాదనడం కోసమా? తన లోపల ఇంకెవరో కాపురముంటున్నట్టు, ఆ మనిషి ఇవాళ మొదటిసారి నోరు విప్పినట్టు భయం వేసింది.

ఇంటికి పోకుండా తిన్నగా ఏట్లోకి దిగింది. గుంటలో కూర్చుని చిప్పతో ఇసుక తోడింది. నీళ్ళు ఊరడానికి ఎప్పుడూ చాలాసేపు పడుతుంది. ఇవాళ ఎగతాళి చేస్తున్నట్టు తొందరగా ఊరాయి. గుంట పక్కనే ఉంచే క్యాను నిండాక నెత్తికెత్తుకుంది. ఒడ్డున నకిరు ఎదురైంది.

"నీళ్ళతో అటు పోతావేంటక్కా? ఎవరికి?"

"అడిగారు."

"ఎవరు?"

"నా మనిషి."

అంత దూరం తిరిగి నడిచి పొద్దు వాలేవేళకు చేరేసరికి షుక్రి కంచె దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. పక్కింటి హోదాన్ ఎదురొచ్చింది.

"పోయిందే. మధ్యాహ్నం నమాజు చేసుకుని పడుకుంది, మళ్ళీ లేవలేదు. చీకటి పడేలోగా మట్టిలో పెట్టాలి. స్నానం చేయించడానికి చుక్క నీళ్ళు లేవు, నువ్వు దేవుడు పంపినట్టు వచ్చావు!"

అసెకోన్ నోరు తెరిచేలోగా నాలుగు చేతులు ఆమె నెత్తిమీది క్యానును దించుకుపోయాయి. ఎవరూ అడగలేదు.

పరాయి మతం మనిషి కనుక బయటే నిలబడింది. పరదా వెనక నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఆగి, మళ్ళీ. రేకు కిందనుంచి సన్నటి పాయ పాకివచ్చి ఆమె పాదాలను తడిపింది. ఇసుక దాన్ని తాగేసింది.

మగవాళ్ళు పాడె ఎత్తుకుని వెళ్ళారు. ఖాళీ క్యాను ఆమె చేతిలో పెట్టి, హోదాన్ ఇంట్లోకి పిలిచింది.

మంచం పక్కన, తలవైపు, మట్టికూజా ఉంది. ఇసుకతో తోమి, తుడిచి ఉంది. మూతికి తెల్లటి పల్చని గుడ్డ బిగించి కట్టి ఉంది.

"పొద్దున నువ్వు వెళ్ళగానే లేచి ఆ కూజా తోముకుంది," అంది హోదాన్. "ఎందుకే, నీళ్ళే లేవు కదా అన్నాను. అసెకోన్ తెస్తుంది, ఏటి నీళ్ళలో ఇసుక ఉంటుంది, వడగట్టాలి అంది."

తలుపులోంచి గాలి కొట్టినప్పుడల్లా కూజా మూతికి కట్టిన ఆ పొడిగుడ్డ లోపలికి కుంగి, మళ్ళీ మెల్లగా పైకి లేస్తోంది.