దీపం ముందు ఎర్ర చీటీ

మిర్యాలగూడలో నరసింహారావుకి రైస్‌మిల్లు ఉంది. వడ్లు కొనే ఆఫీసు కోదాడలో, బియ్యం అమ్మే ఆఫీసు సూర్యాపేటలో. మూడూ ఒక్క ఇంటివే అయినా ఒకచోట ఏం జరుగుతోందో ఇంకోచోటికి తెలిసేది లారీ డ్రైవర్ల నోటి వెంటే. రేపు సరుకు పంపిస్తామని సూర్యాపేట వాళ్లు మాట ఇచ్చేసేవాళ్లు. ఆ సరుకు మిల్లులో ఇంకా వడ్లుగానే ఉండేది. ఈ తంటా తీర్చమనే ఆయన కొడుకు ఉదయ్ హైదరాబాదు నుంచి భాగ్యశ్రీని మూడు నెలలకు పిలిపించాడు.

ఆఫీసుల్లో పనిచేసే తీరు మార్చడమే భాగ్యశ్రీ ఉద్యోగం. ఎజైల్ అంటారు దాన్ని. పెద్ద పనిని ముక్కలు చేసుకోవాలి, రెండు వారాలకు ఇంత అని పెట్టుకోవాలి, రోజూ పొద్దున అందరూ నిలబడి పావుగంట మాట్లాడుకోవాలి. అడ్డం వచ్చినదాన్ని దాచకూడదు. ఆమె తండ్రి హుజూర్‌నగర్ మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. స్ప్రింట్ అన్న మాట మిల్లులో ఎవరికీ పట్టలేదని తనే దానికి పక్షం అని పేరు పెట్టింది.

"గిట్ల చెప్తే మాకు సమజైతది గదా!" అని అందరూ నవ్వారు.

ఆఫీసు గదిలో బోర్డు కట్టించింది. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరుసలు. పనులకు పచ్చ చీటీలు, అడ్డంకులకు ఎర్ర చీటీలు. పొద్దున తొమ్మిదింటికి కోదాడ, సూర్యాపేట వాళ్లు కూడా కలవాలని గోడకు ఒక ఫోను పెట్టించింది, స్పీకరు వేసి. మొదటి పక్షం గడిచింది. బోర్డు నిండా పచ్చ చీటీలే. ఎర్రది ఒక్కటీ లేదు.

"ఏ మిల్లులోనైనా పదిహేను రోజులు ఒక్క అడ్డంకీ రాకుండా ఉంటదా అక్కా?" అని లెక్కలు రాసే లీలావతిని అడిగింది.

లీలావతి గది మూలకు చూపించింది. అక్కడ లక్ష్మీదేవి పటం, దాని ముందు దీపం.

"సేటు దీపం పెట్టినంక మొదటి లారీ గేటు దాటేదాంక ఈడ 'లేదు', 'ఆగింది', 'ఖతమైంది' అనే మాట ఎవలం అనం. సంచులు అయిపోయినా నిండుకున్నయ్ అంటం. నువ్వేమో సరిగ్గా గా టైములనే నిలబెట్టి ఏమాగింది, ఏం లేదు అని అడుగుతున్నవ్. ఎవరు చెప్తరు? పదకొండుకు పెట్టుకోరాదు?"

మంచి మాట అది. భాగ్యశ్రీకీ అలాగే అనిపించింది. కానీ హైదరాబాదులోని ఆమె ఆఫీసు ఇచ్చిన కాగితంలో "రోజు మొదలవుతూనే" అని ఉంది. పుస్తకంలో ఉన్నది తప్పితే మార్కులు పోతాయన్న భయం ఆమెకు చదువుతో పాటే వచ్చింది. వేళ మార్చలేదు. ఆ వేళకే అడ్డంకి చెప్పగల మనిషి కోసం వెతికింది.

లాజరు దొరికాడు. పంతొమ్మిదేళ్లుగా డ్రయ్యర్ల దగ్గర పనిచేస్తున్నాడు. ఉడికించిన వడ్లు ఎంత ఆరాయో ఒక గింజ కొరికి చెప్పేస్తాడు. రెండో డ్రయ్యర్‌లోంచి వారం రోజులుగా వస్తున్న చప్పుడును అతను భాగ్యశ్రీకి చేత్తో పట్టి చూపించాడు, రేకు మీద ఆమె అరచెయ్యి పెట్టించి.

"బేరింగ్ పోతున్నది మేడం. ఒకటిన్నర రోజు ఆపి మార్చాలె. లేకుంటే గింజ సగం ఆరుతది, సగం ఆరది. నూకైతది."

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు కాకా?"

"మాకు గా పట్టింపు లేదు. మేం చర్చికి పోయేటోళ్లం. కానీ సేటుకున్నది గదా."

"నువ్వు చెప్పు. ఎర్ర చీటీ పెట్టినోళ్లను ఎవరూ ఏమనొద్దని మొదటి రోజే అనుకున్నం. ఉదయ్ సార్ కూడా ఒప్పుకున్నడు."

"ఏమనరా?"

"ఏమనరు. నాది జిమ్మా, నేను చూసుకుంట."

"మీ నాయినది హుజూర్‌నగర్ మార్కెట్ అంటివి గదా. మావోళ్లు శాన మంది ఆడ మోసినోళ్లే. సరే బిడ్డా, చెప్తా," అన్నాడు లాజరు.

మర్నాడు చెప్పాడు. దీపం వెలుగుతూనే ఉంది. నరసింహారావు అగరొత్తి గుచ్చి అప్పుడే ఇటు తిరిగాడు. లాజరు ఎర్ర చీటీ బోర్డుకు అంటించి, అందరికీ వినబడాలని గట్టిగానే అన్నాడు: "రెండో డ్రయ్యర్ ఆపాలె. ఇప్పుడు వస్తున్న సరుకు మంచిగుంటలేదు."

ఉదయ్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. భాగ్యశ్రీకి కళ్లు చెమ్మగిల్లాయి. మూడు వారాల కష్టానికి ఇదొక్కటి చాలనుకుంది.

అప్పుడే గోడ మీది ఫోనులోంచి, సూర్యాపేట ఆఫీసు నుంచి, ఎవరిదో కొత్త గొంతు వినిపించింది. "అట్లనా? అయితే నేను వేరే సూసుకుంట తియ్." ఆ వేళకు అక్కడ ఒక బేరగాడు వచ్చి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నాలుగు లారీల సరుకు అడగడానికి వచ్చినవాడు. ఫోనులో మాట విని, చాయ్ సగంలో పెట్టి లేచి వెళ్లిపోయాడు.

నరసింహారావు ఎవరినీ ఒక్క మాట అనలేదు. సాయంత్రం లాజరును పిలిపించి, రేపటి నుంచి రావద్దన్నాడు.

భాగ్యశ్రీ పరుగున ఆయన గదిలోకి వెళ్లింది. ఉదయ్ కూడా అక్కడే ఉన్నాడు.

"కూసో అమ్మా. చాయ్ తాగుతవా?"

"సార్, ఫోను పెట్టించింది నేను. స్పీకరు వేసింది నేను. లాజరు కాక నేను చెప్పమంటేనే చెప్పిండు."

"నాకెరుకే."

"మరి పంపితే నన్ను పంపాలె గదా?"

"నువ్వు ఎట్లయినా పోయేదానివే. ఇంక రెండు నెలలు. వాడు ఉండేటోడు. ఉండేటోడే దీపం ముందల గా మాటంటే రేపు అందరూ అంటరు. మా నాయిన కాలం నుంచి ఈ గదిల ఎవరూ అనలే." ఆయన గొంతులో కోపం లేదు. బాధే ఉంది.

"నాన్నా, డ్రయ్యర్ నిజంగనే..." అని ఉదయ్ అందుకోబోయాడు.

"డ్రయ్యర్ బాగు చేపిద్దాం. నేనొద్దన్ననా?"

ఉదయ్ తల దించుకుని ఫోను చూసుకోసాగాడు. ఎవరూ ఏమనొద్దని అతనూ ఒప్పుకున్నాడని గుర్తు చేయడానికి భాగ్యశ్రీ నోరు తెరిచింది. తండ్రి ముందు అతని ముఖం చూసి మూసుకుంది.

మూడో రోజుకు కొత్త బేరింగ్ బిగించడం అయిపోయింది. విప్పి చూసిన మెకానిక్, ఇంకో వారం నడిపితే లోపలి ఇరుసే విరిగిపోయేదన్నాడు. ఉదయ్ స్వయంగా ఎర్ర చీటీ తీసి అయిపోయినవి వరుసలో అంటించాడు. ఫొటో తీసి భాగ్యశ్రీ ఆఫీసుకు పంపాడు. "మొదటి అడ్డంకి మూడు రోజుల్లో తీరింది, శభాష్!" అని ఆమె మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. బోర్డు ముందు నిలబడే చదివింది. చీటీ మీద లాజరు చేతిరాత వంకరటింకరగా ఉంది.

ఆదివారం వాడపల్లి రోడ్డు మీద లాజరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అతను దామరచర్ల దగ్గర కాంక్రీటు పనికి కుదిరాడు. చేతివేళ్లు సిమెంటుకు పగిలాయి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందుగా అడిగిన మాట ఇది:

"సప్పుడు పోయిందా?"

"పోయింది కాకా."

"మంచిగైంది." మనసారా అన్నాడు. "నా జాగల పెట్టినోడు గింజ కొరుకుతడా, తేమ కొలిచే మిషన్ సూస్తడా?"

"మిషనే."

"ముసురు పట్టినప్పుడు మిషన్ తప్పు సూపిస్తది. జర చెప్పు."

భాగ్యశ్రీ ఇక ఆపుకోలేకపోయింది. "నన్ను తిట్టు కాకా. ఒక్క మాటన్నా తిట్టు."

లాజరు పగిలిన వేళ్లను చూసుకున్నాడు. "ఏమని తిట్టాలె? నువ్వు అబద్ధం చెప్పలే. నీ చేతుల లేనిది ఇస్తనన్నవ్. అంతే బిడ్డా."

లాజరును మళ్లీ తీసుకోమని అడగడానికి ఆమె సేటు దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఆయన చాయ్ ఇప్పించి పంపాడు.

తర్వాతి సోమవారం కోదాడ ఆఫీసులోనూ ఇలాంటి బోర్డే మొదలుపెట్టాలి. అక్కడ ఆరుగురు. భాగ్యశ్రీ ఈసారి వేళ పదకొండుకు మార్చింది, ఫోను పెట్టించలేదు. చీటీలు పంచింది. కొనుగోళ్లు చూసే ప్రేమలత అందరికంటే ముందే ఎర్ర చీటీ తీసుకుని రెండు లైన్లు రాసి, కలం ఆపింది.

"చెప్తే మాకేమన్నా అవుద్దా మేడం? మిర్యాలగూడలో ఆ రోజు ఫోన్లో చెప్పినాయన్ని తీసేశారంట గదా?"

ఎవరూ ఏమనరు అని ప్రతిచోటా మొదటి రోజు చెప్పే మాట భాగ్యశ్రీ నోటి దాకా వచ్చింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"అవ్వొచ్చు," అంది. "ఏమన్నా అయితే నేను ఆపలేను. అతనికి నేను మాటిచ్చిన, నిలబెట్టుకోలేకపోయిన."

ప్రేమలత కోపగించుకోలేదు. పాపం అన్నట్టు చూసింది. చీటీ నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇక్కడంతా బానే ఉందండీ," అంది.

ఆ పక్షం కోదాడ నుంచి ఎర్ర చీటీ ఒక్కటీ రాలేదు. ఎందుకు రాలేదో రాయడానికి హైదరాబాదు వాళ్ల నివేదికలో ఒక గడి ఉంది. భాగ్యశ్రీ ఆ గడిలో లాజరు పేరు రాసింది. అతని పని, అతను పనిచేసిన పంతొమ్మిదేళ్లు, తను ఇచ్చిన మాట రాసింది. గడి చాలక వెనక పేజీలోకి వెళ్లింది. చదివితే తన ఉద్యోగం ఏమవుతుందో తెలిసి కూడా పంపేసింది.