నట్టు మీది ఎర్ర చుక్క

బండి పాడు చేసింది బావమరిదే. అందులో తాపీమేస్త్రికి అనుమానం లేదు. భార్య మంచాన పడ్డ ఏడు వాడు బండి అడిగి పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇంజన్ రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగింది. "నా చేతిలోనే పోయింది బావా" అని వాడే ఒప్పుకున్నాడు. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. ఆమె పోయిన రోజు కూడా ఇద్దరూ చెరో మూల నిలబడ్డారు.

ఇప్పుడు ఆ పాత మోటారుసైకిలునే తోసుకుంటూ వాడి మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. పాడు చేసిన చేత్తోనే ఎంత పాడైందో కొలిపించాలని.

"క్యామ్ ఎంత అరిగిందో తేల్చాలి" అన్నాడు, సీటుతో చెబుతున్నట్టు.

"అరిగిందని ఒప్పుకున్నా కదా. కొలవడమెందుకు?"

"గోడ వంకరని నోటితో అంటే చాలదు. గుండు వేలాడదీసి చూపించాలి."

"సరే, సీటు గారు చెప్పాక తప్పుతుందా" అని బావమరిది చేతులు తుడుచుకున్నాడు.

మేస్త్రి వెనక చక్రం తిప్పుతుంటే వాడు అరుగుదల కొలిచే డయల్ గేజ్ ముల్లును, క్యామ్ ఎత్తితే వాల్వును తెరిచే రాకర్ మీద ఆనించాడు. "మెల్లగా. ఇంకొంచెం. చాలు." ఊపిరి తగిలినా ముల్లు కదులుతుందేమో అన్నట్టు మొహం పక్కకు తిప్పి చదివాడు. ఒకసారి చూసిన అంకెను నమ్మక మళ్ళీ తిప్పించాడు. విప్పిన ప్రతి మరనూ విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చాడు. ఇంత నిదానం మేస్త్రి తన పనివాళ్ళలో ఒక్కడిలోనూ చూడలేదు. వాడి మీద కోపం అలాగే ఉంది. ఆ చేతులను మాత్రం ఏమీ అనలేకపోయాడు.

"ఇన్‌లెట్ వైపు క్యామ్ బాగుంది" అని వాడు గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి వాల్వు సందులో దూర్చాడు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి అది. ఇంజన్ చల్లారాక ఇన్‌లెట్‌కు ఒక బ్లేడు, ఎగ్జాస్ట్‌కు రెండు కలిపి. జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. కాస్త పట్టి వదలాలి. అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఈ విద్య వచ్చు. ఈ బండికి సందు సరిచేసేది ఎప్పుడూ ఆ అక్కే, మేస్త్రి భార్య. పని అయ్యాక నట్టునూ మరనూ కలిపి ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టేది. ఎవరు కదిపినా చుక్క పగులుతుంది.

ఇన్‌లెట్ నట్టు మీద చుక్క చెక్కుచెదరలేదు.

"దీని జోలికి నువ్వు పోలేదు. రెండోది తియ్యి" అన్నాడు మేస్త్రి.

"రేపు చూద్దాం బావా. వెలుతురు లేదు."

మేస్త్రి దీపం తెచ్చి వాడి చెవి పక్కన పట్టుకున్నాడు. "ఇప్పుడుంది."

ఎగ్జాస్ట్ వైపు క్యామ్ దాదాపు అర మిల్లీమీటరు అరిగింది. మూడు బ్లేడ్లు కలిపి దూర్చినా సందులో వదులుగా ఆడాయి. మేస్త్రి వంగి గుడ్డతో నట్టు తుడిచాడు.

ఎర్ర చుక్క. ఎక్కడా పగుల్లేదు.

తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"మందులకు అక్క వేళ్ళు మొద్దుబారాయి. బ్లేడు పట్టు తెలిసేది కాదు. సందు వదులుగా బిగించేసింది, ఆ దెబ్బలకే క్యామ్ అరిగింది. అయినా నీ బండి పని ఇంకొకరి చేతికివ్వనంది" అన్నాడు బావమరిది. "నేను తీసుకెళ్ళేటప్పటికే ఇలా ఉంది. సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. నీకు చెప్పొద్దంది."

"నువ్వు పాడు చేశానన్నావు."

"ఎవరో ఒకరి మీద పడాలిగా. నువ్వెలాగూ నన్ను తిడుతూనే ఉండేవాడివి, నాకు అలవాటే."

మేస్త్రి బిగుసుకున్న నట్టును బొటనవేలితో నొక్కి చూశాడు. మొద్దుబారిన వేళ్ళతో బిగించినది ఇన్నేళ్ళూ వెంట్రుకవాసి కదల్లేదు.

"సరిచెయ్" అన్నాడు.

స్పానర్ తిరిగింది. చుక్క రెండుగా విడిపోయింది. బావమరిది రెండు బ్లేడ్లు సందులో పెట్టి, అంచు మేస్త్రి చేతికిచ్చాడు. "లాగి చూడు."

లాగాడు. కాస్త పట్టి, వదిలింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

మూత బిగించాక బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, అక్క ఆ రోజు ఏమందంటే..."

"ఆపు. నాకు చెప్పొద్దంది కదా. ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు. నేనూ చచ్చేదాకా ఎత్తను."