నేసే మనిషి

నేతగాళ్ల సంఘం నియమాల్లో ఆడమనిషి లేదు. ‘నేసే పురుషుడే సభ్యుడు’ అని ఉంది. పెళ్లయిన మరుసటేటి నుంచీ మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నది కుల్సుంబీ. సభ్యుడు ఆమె మొగుడు పీరా సాబ్.

ఆదోని జిన్నింగు మిల్లులో కుడిచెయ్యి నలిగిపోయాక, అతడు ఎడమచేత్తో రాట్నం తిప్పుతూ ఆమెకు నూలు కండెలు చుడుతున్నాడు. ఆమె నేసిన చీరను భుజాన వేసుకుని సంఘానికి మోస్తాడు. అక్కడ దానిమీద అతని పేరే ముద్ర పడుతుంది.

ఆ పొద్దున కూడా కండె చుట్టి అందించాడు. ఆమె దాన్ని పడుగు దారాల మధ్య అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టుకోబోయి దగ్గింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, ఎర్రబడ్డ చోటు లోపలికి మడిచింది. జబ్బుపడిన సభ్యుణ్ణి సంఘమే కర్నూలు పెద్దాసుపత్రిలో చేరుస్తుంది. సభ్యుడి పెళ్లాన్ని చేర్చదు. ఆ నియమం మార్చమని పీరా సాబ్ అడగ్గా అడగ్గా ఆ రోజు సభ పెట్టారు.

“నా పేరు సెప్పు. అలవాటుకొద్దీ నీ పేరే సెప్పొచ్చేవు,” అంది కుల్సుంబీ.

సభలో అతడు లేచి నిలబడ్డాడు. “నేసేది నేను కాదప్పా. మా ఇంట్లో ఆమె. కుల్సుంబీ. ఆ పేరు రాసుకోండి.”

“అయితే ఇంగ నువ్వు గాజులేసుకో పీరన్నా!” అన్నాడు పక్కవీధి నేతగాడు ఆదెప్ప. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ల ఇళ్లలోనూ ఆ వేళ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

కార్యదర్శి వాదిరాజ ‘పురుషుడు’ కొట్టేసి ‘వ్యక్తి’ అని రాశాడు. చేతులు లేచాయి. సవరణ నెగ్గింది.

“ఇంగ కర్నూలుకు తోలుకపోవచ్చా సామీ?”

“యాడప్పా! పైఆఫీసు ఒప్పుకోవల్ల. అంతవరకూ పాత మాటే.”

“అంతవరకూ దగ్గు ఆగతాదా?”

వాదిరాజ కలానికి మూత పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె గుంతలోనే ఉంది, నేసిన గుడ్డమీద నుదురు ఆనించి, కునుకు తీస్తున్నట్టు. పిలిచాడు. ఎడమచేత్తో తల ఎత్తి చూశాడు. చల్లబడిపోయింది.

వానలు వెనకబట్టాక పైఆఫీసు ఒప్పుకుంది. ఆ కబురు మోసుకొచ్చింది ఆదెప్పే. “మాట మారిందన్నా. మా ఆడోళ్ల పేర్లు ఎక్కించినాం. అంతా నీ వల్లే.”

పీరా సాబ్ ఖాళీ రాట్నం ముందు నుంచి లేవలేదు.

“ఆ మాట ఇంగ నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను.”

ఎత్తలేదు. సగం నేసిన చీరను కొయ్యనూ లేదు. పడుగు మధ్య ఆగిన నాడెలో, ఆ పొద్దున అతడు చుట్టిచ్చిన కండెకు నూలు ఇంకా మిగిలే ఉంది.