గొలుసు వంగిన చోటు

ఉతికిన చుడీదార్ రెబ్కా జాడిస్తుంటే బకెట్ అడుగున కృష్ణా నది ఇసుక పేరుకుంది.

"మళ్లీ ఏట్లో దిగొచ్చావా? పడవలెక్కి తిరిగితే కడుపు నిలుస్తుందా తల్లీ?" వంటింట్లోంచి అత్త సుబ్బరావమ్మ. అంతలోనే గొంతు మెత్తబడింది. "పోన్లే, ఇప్పుడంతా బాగైందిగా. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పు. ప్రభువు నన్ను మామూలు మనిషిని చేశాడని రెండు మాటలని, దేవునికే మహిమ అని కూర్చో. చాలు."

మామూలు మనిషట! ఐదో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్లని నర్సు చెప్పింది. మహిమ అని రెబ్కా ముందే పేరనుకుంది, భర్తకీ అత్తకీ చెప్పింది కూడా. తర్వాత ఆ ఇంట్లో ఆ పేరెత్తిన పాపాన పోలేదు ఎవరూ. నతానియేలు మంచివాడే, కేకలెయ్యడు. "ఇప్పుడేం మారిందే? మునుపటిలాగే ఉన్నావుగా" అని వీపు తట్టి అటు తిరిగి పడుకుంటాడు. ఆ మంచితనానికే ఆమెకి ఏడుపొచ్చేది.

పై డ్యాం నుంచి నీళ్లు వదిలాక ఏటి అడుగు ఎలా మారిందో పటం గీయడం రెబ్కా ఉద్యోగం. కోత పడితే ఎరుపు, మేట వేస్తే నీలం, మట్టం మారకపోతే తెలుపు. గేట్లు ఎత్తిన వారం ఆమె ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు కొలిస్తే పటంలో రేవు దగ్గరంతా తెల్లగా వచ్చింది.

"ఇక్కడేం జరగలేదు, రాసేద్దామా?" అన్నాడు తోటి సర్వేయరు జాన్ బాషా, మర్నాడు.

"గొలుసు చూడకుండానా?"

నీళ్లు వదలకముందే అక్కడ ఇసుకలో గొలుసు నిలువుగా పాతారు. వరద ఎంత లోతు కోస్తే అంతమేరా గొలుసు వాలిపోతుంది. తర్వాత కొత్త ఇసుక వచ్చి కప్పేస్తుంది. నీళ్లు తీసిన ఆ ఇసుకలో ఇద్దరూ తవ్వారు. నడుము లోతున గొలుసు వంగి, అడ్డంగా పడి ఉంది.

"అమ్మో, ఇంత కోసిందా! పైకేం తెలీలేదే!"

రెబ్కా ఆ గుంటలోనే కూలబడి, గొలుసు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మట్టం అదే. ఇసుక మాత్రం అది కాదు. జాన్ బాషా పార పక్కనపెట్టి, గుంట అంచున కూర్చున్నాడు.

ఆదివారం చర్చిలో సుబ్బరావమ్మ మోచేత్తో పొడిచింది. రెబ్కా ముసుగు సర్దుకుని లేచింది.

"వందనాలండి. నేను మునుపటిలా లేను. నాకో కూతురు పుట్టి పోయింది. మహిమ."

ఆ మాట చెవిన పడగానే, అలవాటు చొప్పున అందరూ "ఆమెన్" అన్నారు. నతానియేలు ఒక్కడే ఉలిక్కిపడి తలెత్తాడు.

"దేవుడి మహిమ కాదండి," అంది రెబ్కా, కూర్చోకుండా. "నా పిల్ల పేరు."